వదిన ఎక్కితే పొగ

శుక్రవారం పొద్దున్నే బయల్దేరి, ఎండ ముదరకముందే కొండమీది గని క్యాంపుకి చేరి, వదినకి అదంతా చూపించి, పొద్దు వాలేలోగా ఇంటికి వచ్చెయ్యాలని చిన్నబ్బాయి పథకం వేసుకున్నాడు. పేరుకి చిన్నబ్బాయే గాని అతనికి యాభై దాటి చాలా కాలమైంది. అన్నయ్య ఉన్నన్నాళ్ళూ ఇంట్లో అతనే చిన్నవాడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది, అన్నయ్య పోయాక మార్చాలని ఎవరికీ తోచలేదు. ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం అతని ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ తప్పులు పట్టుకునే మనిషి గనక, తన పథకంలో తప్పుండదని అతనికి గట్టి నమ్మకం.

అన్నయ్య ఆ గనిలో సర్వేయరుగా పనిచేశాడు. సోమవారం తెల్లారగట్ల తన పాత జీపులో కొండెక్కితే, మళ్ళీ శనివారం సాయంత్రం ఒళ్ళంతా ఎర్రమట్టితో దిగేవాడు. వదిన ప్రతి సోమవారం గుమ్మంలో నిలబడి సాగనంపేది. "వచ్చే వారం నిన్నూ తీసుకెళ్తాలే, క్యాంపు చూద్దువుగాని" అనేవాడు ఆయన. ఆ వచ్చే వారం ఉద్యోగమంతా గడిచినా రాలేదు. పోయిన వానాకాలం ఆసుపత్రి మంచంమీద, మాట సరిగ్గా పెగలని స్థితిలో, "మీ వదినకి క్యాంపు చూపించలేకపోయానురా" అన్నాడు తమ్ముడితో. ఆయన తరవాత ఇంకేవో మందుల సంగతి మాట్లాడాడు గాని, చిన్నబ్బాయికి ఈ ఒక్క మాటే ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది.

ఇప్పుడా గని మూతపడుతోంది. ఆదివారం సాయంత్రానికి గేటుకి తాళం వేసేస్తారని, ఆ తరవాత రేకుల షెడ్లన్నీ పీకి పాత ఇనుముకి అమ్మేస్తారని కబురు తెలిసింది. ఆ రాళ్ళదారిలో మామూలు కారు ఎక్కదు. ఎక్కితే అన్నయ్య జీపే ఎక్కాలి. ఆయన పోయిన దగ్గర్నుంచి చిన్నబ్బాయి వారానికోసారి దాన్ని స్టార్టు చేసి, వీధి చివరిదాకా తిప్పి తెచ్చి పెడుతున్నాడు. ఏనాడూ అది మొరాయించలేదు.

"వదినా, రేపు క్యాంపుకి వెళ్దాం" అన్నాడు గురువారం రాత్రి భోజనాల దగ్గర.

"ఇప్పుడు వద్దు అబ్బాయ్. ఏముందని అక్కడ" అంది వదిన.

"అదేంటి వదినా, ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నదే కదా."

"వద్దులే. నీకు ఆఫీసు పాడు."

"సెలవు పెట్టేశాను."

"వద్దు నాయనా, నా మాట విను" అని వదిన మజ్జిగ గిన్నె ఇటు జరిపింది.

ఈ వద్దుల సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఇంట్లో వదిన వద్దంటే కావాలని అర్థం. ఇంకో గరిటె వద్దంటే వడ్డించమని, శాలువా వద్దంటే చలిగా ఉందని, డాక్టరు వద్దంటే నొప్పి భరించరానిదిగా ఉందని అందరూ చదువుకునేవాళ్ళు. కాపురానికి వచ్చిన కొత్తలో మొహమాటంకొద్దీ మొదలైన అలవాటు అది. దాన్ని చదవడంలో తనని మించినవాడు లేడని చిన్నబ్బాయి ధీమా. మూడు వద్దులు వచ్చాయంటే వదిన మనసు క్యాంపు మీద ఎంతగా ఉందో అని అతనికి జాలేసింది.

శుక్రవారం పొద్దున్న వదిన తన గోధుమరంగు రెక్సిన్ సంచీతో సహా వచ్చి జీపెక్కింది. ఇల్లు తగలబడితే పట్టుకుని పరిగెత్తవలసినవన్నీ ఆ సంచీలోనే ఉంటాయి: కళ్ళజోడు డబ్బా, మాత్రల డబ్బా, తాళాల గుత్తి, నిండుగా మంచినీళ్ళ స్టీలు సీసా. జీపులో స్టీరింగుకి ఎడంపక్క, ముందు పలక కింద ఓ ఇత్తడి కొక్కెం ఉంది. అది మా ఆవిడ సంచీకోసం ప్రత్యేకంగా వేయించానని అన్నయ్య పెళ్ళైన కొత్తలోనే ఊరందరికీ చెప్పాడు. అంతేకాదు, పక్కన వదిన ఉంటే ఎడంచెయ్యి ఆ సంచీ మీదినుంచి తీసేవాడు కాదు. గేరు మార్చడానికి తీసినా మళ్ళీ అక్కడికే వెళ్ళిపోయేది. వయసు మళ్ళినా సరసం తగ్గలేదని చుట్టపక్కాలందరూ ఆయన్ని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు వదిన సంచీ ఆ కొక్కేనికి తగిలించి, కొంగు సర్దుకుని, "పద" అంది నీరసంగా.

వీధి సగం దాటకముందే జీపు దగ్గింది. వెనకనుంచి పొగ మొదలైంది, తారు కాచినంత నల్లగా, చిక్కగా. ఆ పొగ తిన్నగా వెళ్ళి పక్కసందులో లాడ్జి దుప్పట్లు ఉతికి ఆరేసే ఆవిడ తాళ్ళమీద కూర్చుంది. తెల్లదుప్పట్లు చూస్తూండగానే బూడిదరంగుకి తిరిగాయి. జీపు ఇంకో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది.

"ఇవి ఎవరు ఉతుకుతారు? మీరు ఉతుకుతారా, మీ జీపు ఉతుకుతుందా?" అని దుప్పట్లావిడ నడుమ్మీద చేతులు పెట్టుకుని అడిగింది.

చిన్నబ్బాయి నోరు తెరిచేలోగా వదిన దిగి, "నేను ఉతికిస్తానమ్మా, ఇంటికి పంపించు" అంది. ఎవరు వద్దన్నా వినలేదు. ఎంత మంచి మనసో అని దుప్పట్లావిడే కాస్త సిగ్గుపడింది. నలుగురూ తోసి జీపుని ఇంటిముందుకి చేర్చారు. వదిన సంచీ తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

చిన్నబ్బాయి ఊరికే ఓసారి తాళం తిప్పి చూశాడు. కాసేపు తుమ్మి, మసి కక్కి, ఆ తరవాత జీపు చక్కగా నడిచింది. పొగ లేదు, దగ్గు లేదు. దానిమీదే కూర్చుని మెకానిక్ దగ్గరికి వెళ్ళాడు.

"పొగేది సార్?" అన్నాడు మెకానిక్.

"ఇందాక వచ్చింది."

"ఇప్పుడు లేదు కద సార్."

మెకానిక్ ఒక ప్లగ్గు విప్పి చూసి మాత్రం తల పంకించాడు. ప్లగ్గుకి కాటుకలా మసి పట్టింది. "లోపలికి పెట్రోలు ఎక్కువ పోతోంది, గాలి చాలడంలేదు. కార్బురేటర్ రిచ్ అయిపోయింది సార్" అన్నాడు. ఇంటిల్లిపాదిలో రిచ్ అయింది ఇదొక్కటే అనుకున్నాడు చిన్నబ్బాయి. మెకానిక్ గాలి జాలీ దులిపాడు. కార్బురేటర్ మూతిలో వేలు పెట్టి, గాలిదారిని మూసే చోక్ రేకు తెరుచుకునే ఉందని, దాని తప్పేమీ లేదని తేల్చాడు. ఏదో స్క్రూ కొంచెం బిగించి, ఇంక బేఫికరుగా తోలుకోమన్నాడు. చిన్నబ్బాయి ఇంటిదాకా పొగ లేకుండా వచ్చాడు. గుమ్మంముందు ఆపి వదినని పిలిచాడు. వదిన సంచీతో వచ్చి ఎక్కి కూర్చుంది. ఇంటిముందునుంచి బండి కదిలి పది బారలు వెళ్ళిందో లేదో మళ్ళీ అదే పొగ.

శనివారం పొద్దున్న మెకానిక్ సరంజామాతో ఇంటికే వచ్చాడు. బోనెట్ ఎత్తి, కార్బురేటర్ మొత్తం ఊడదీసి వరండాలో పరిచాడు. చిన్నబ్బాయి భార్య పాలగిన్నె అరువిస్తే, ఆ ముక్కలన్నీ అందులో పెట్రోలు పోసి నానబెట్టాడు. ఆ గిన్నె మళ్ళీ పాలకి పనికిరాదని ఆవిడకి తరవాతగాని తట్టలేదు. లోపల పెట్రోలు మట్టం చూసుకునే సూది అరిగిపోయిందని మెకానిక్ కొత్తది వేశాడు. సన్నరంధ్రాలన్నీ ఊదాడు. అంతా బిగించి స్టార్టు చేస్తే ఇంజను తల్లిపొట్టలో పిల్లలా హాయిగా ఉంది.

"ఇప్పుడు అమ్మగారిని ఎక్కమనండి" అన్నాడు గర్వంగా.

వదిన ఎక్కింది. బోనెట్ ఎత్తే ఉంది కాబట్టి ముందు నిలబడ్డ మెకానిక్‌కి వదిన కనబడదు, వదినకి మెకానిక్ కనబడడు. కాసేపటికి ఇంజను గొంతు మారి, వెనకనుంచి నల్లటి పొగ బయల్దేరింది. "దిగండమ్మా" అన్నాడు. వదిన సంచీతో సహా దిగింది. పొగ తగ్గింది. "ఎక్కండమ్మా" అన్నాడు. ఎక్కింది. పొగ వచ్చింది. మెకానిక్ పానా కిందపెట్టి, "జబ్బు బండికి కాదు సార్" అన్నాడు మెల్లిగా.

ఎదురింటి అరుగుమీద మీటరు మావయ్య ఇదంతా చూస్తున్నాడు. ఆయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసేవాడు. రిటైరయ్యాక అన్నీ చూస్తున్నాడు. "ఇది లోడు సమస్య" అంటూ చెప్పులేసుకుని వచ్చాడు. "బరువు పడితే ఇంజను ఎక్కువ తాగుతుంది. ఎంతుంటావమ్మా నువ్వు?"

"మీ మీటరుకి అందనులెండి అన్నయ్యగారూ" అంది వదిన.

మీటరు మావయ్య వెనక్కి తగ్గే రకం కాదు. వదినకి సమానమైన బరువు ఎక్కించి చూడాలన్నాడు. దుప్పట్ల లెక్క చూసుకోవడానికి వచ్చిన ఆవిడని బతిమాలి ఎక్కించారు. ఆవిడ వదినకి ఒకటిన్నర ఉంటుంది. పొగ రాలేదు. మూలమీది దర్జీని కూడా ఎక్కించారు. రాలేదు. వెనకాల రెండు ఇసక బస్తాలు వేశారు. జీపు కిందికి కుంగింది గాని ఒక్క పొగచుక్క వదల్లేదు. దుప్పట్లావిడ జన్మలో జీపెక్కలేదేమో, ఇంక దిగనంది. ఆవిణ్ణి దింపి వదినని ఎక్కించేసరికి వీధి వీధంతా చేరింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తూండగా, జీపు ఎప్పటిలాగే నల్లగా వదిలింది. వెనకవరసలో ఎవరో చప్పట్లు కొట్టారు కూడా.

అంత పొగ, అంత జనం చూసి వీధి చివర ఎవరో పుణ్యాత్ముడు ఫైరింజనుకి ఫోను చేశాడు. అది గంటలు కొట్టుకుంటూ రానేవచ్చింది. మంట లేదని, ఇది కార్బురేటర్ వ్యవహారమని చిన్నబ్బాయి కాళ్ళావేళ్ళా పడి చెప్పాడు.

"ఇంతదూరం వచ్చాక నీళ్ళు కొట్టకుండా ఎలా వెళ్తామండీ? మమ్మల్ని పైవాళ్ళు అడగరా?" అన్నాడు ఫైరు ఆఫీసరు. గొట్టం విప్పి జీపుని, ఇసక బస్తాలని, దర్జీని తడిపారు. ఆ జల్లు గోడ దాటి, వదిన పొద్దున్నే ఉతికి ఆరేసిన దుప్పట్లమీద బురదతో సహా పడింది. ఆఫీసరు చేతులు తుడుచుకుంటూ, "పొగకి కారణం ఏంటి?" అని అడిగాడు.

మెకానిక్ అబద్ధమాడే మనిషి కాదు. "ఈ అమ్మగారండీ" అన్నాడు చెయ్యి చూపించి.

ఆఫీసరు వదినని ఎగాదిగా చూశాడు. వదిన తల వంచుకుని సంచీ గుండెలకి హత్తుకుంది. జనంలో కొందరు నవ్వారు, నవ్వకూడదనుకున్నవాళ్ళు అటు తిరిగి నవ్వారు. చిన్నబ్బాయికి భూమి బద్దలై తనని మింగేస్తే బాగుండుననిపించింది. భర్త పోయి ఏడాది తిరగని ఆడమనిషిని వీధిలో నిలబెట్టి, ఎక్కించి, దించి, తమాషా చూపించింది ఎవరు? తనే.

జనం పలచబడ్డాక భార్య అతని చెవిదగ్గరికి వచ్చింది. గుసగుస అనుకుంది గాని ఆవిడ గుసగుస వంటింట్లోంచి వీధిలోకి వినబడుతుంది. "ఏమండీ, నాకొకటి తోస్తోంది. బావగారికి ఇష్టంలేదేమో. బతికుండగా ఒక్కసారైనా తీసుకెళ్ళారా? ఇప్పుడు మాత్రం ఆయన బండిలో ఎలా వెళ్ళనిస్తారు?"

గుమ్మంలో ఉన్న వదిన ఆగింది. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ తరవాత మెల్లిగా, "నిజమే అయ్యుంటుంది. మీ అన్నయ్య వద్దంటున్నారు. ఇంక మానేద్దాం అబ్బాయ్" అని, తడిసిన దుప్పట్లు భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్ళింది.

"నీ నోటికి తాళం లేదా?" అన్నాడు చిన్నబ్బాయి భార్యతో. అంతకన్నా ఏమనగలడు, ఆవిడ అన్నది అబద్ధమని రుజువు చెయ్యడానికి అతని దగ్గర ఏముంది? పెరట్లోంచి దుప్పట్లు బండమీద బాదుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది. ఒక్కో దెబ్బా తనమీదే పడుతున్నట్టుంది అతనికి. అన్నయ్య చివరి కోరిక తీర్చబోయి, అన్నయ్యకే ఆవిడంటే ఇష్టంలేదన్న మాట వినిపించాడు. ఇప్పుడు తీసుకెళ్ళకపోతే ఆ మాట ఆవిడ మనసులో కలకాలం నిజంగానే ఉండిపోతుంది. పొగ వచ్చినా, జీపు పేలిపోయినా సరే, ఆదివారం గేటు మూసేలోగా వదినని పైకి తీసుకెళ్ళి తీరాలని నిశ్చయించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న వదిన మళ్ళీ మూడుసార్లు వద్దంది. అతను సంచీ తెచ్చి చేతికిచ్చాడు. ఆవిడ అతని మొహంలోకి చూసి, వచ్చి ఎక్కింది.

ఊరు దాటేదాకా పొగతోనే పోయారు. సైకిళ్ళవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. ఒకాయన ఆపి మరీ తిట్టాడు. కొండదారి మొదటి ఎత్తులో జీపు గింజుకుని, గింజుకుని ఆగిపోయింది. చక్రాలకింద రాళ్ళు పెట్టి, చిన్నబ్బాయి బోనెట్ ఎత్తాడు. ఈ రెండు రోజుల్లో మెకానిక్ చేసిన ఆపరేషన్లన్నీ కళ్ళారా చూశాడు గనక, గాలి జాలీ విప్పి, కార్బురేటర్ మూతిలోకి తొంగిచూశాడు.

చోక్ రేకు మూసుకుని ఉంది. మెకానిక్ చూసినప్పుడల్లా బార్లా తెరుచుకుని ఉన్న రేకు ఇప్పుడు గాలి చొరబడకుండా మూసుకుని ఉంది. వేలితో నెట్టాడు. తెరుచుకుంది గాని ఏదో వెనక్కి లాగినట్టు బిగువుగా ఉంది. అదే సమయానికి లోపల సీటు దగ్గర కళ్ళజోడు డబ్బా, తాళాల గుత్తి గలగలలాడాయి. వేలు తీశాడు. రేకు మూసుకుంది. మళ్ళీ గలగల. మళ్ళీ నెట్టి, బోనెట్ పక్కనుంచి మెడ సాచి చూశాడు. ముందు పలక కింద వదిన సంచీ పైకి లేచింది. వేలు తీస్తే కిందికి దిగింది.

అతను రేకునుంచి బయల్దేరిన తీగని కళ్ళతోనే పట్టుకుని వెళ్ళాడు. అది ఇంజను పక్కనుంచి, పలక వెనకనుంచి వెళ్ళి, ఇత్తడి కొక్కెం దగ్గర తేలింది. అది సంచీ కొక్కెం కాదు. చోక్‌ని బయటికి లాగే పిడి విరిగిపోతే దాని జాగాలో అన్నయ్య బిగించుకున్న కొక్కెం. కొత్త పెళ్ళాం ఎక్కగానే దానికి సంచీ తగిలిస్తే, తియ్యమని చెప్పలేక, నీకోసమే వేయించానని అనేసి ఉంటాడు. ఇంక అక్కణ్ణుంచి, ఆ సంచీ బరువుకి చోక్ బయటికి రాకుండా, వదిన పక్కనున్న ప్రతి ప్రయాణంలోనూ ఎడంచెయ్యి దానికింద పెట్టి మోసుకుంటూ తోలాడు. అందరూ సరసం అనుకున్నది అదన్నమాట.

చిన్నబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. పొగవల్ల అనుకుందామంటే ఇంజను ఆగి ఉంది. ఈ సంగతి వదినకి చెప్పొచ్చా? ఆయన మీకోసం ఏమీ వేయించలేదు, మొహమాటంకొద్దీ కల్పించి చెప్పాడు అనొచ్చా? నిన్ననే ఆవిడ చెవిన ఒక మాట పడింది, ఇది రెండోది అవుతుంది. ప్రాణం పోయినా చెప్పకూడదనుకుని, బోనెట్ మూసి, వచ్చి కూర్చుని, ఎడంచెయ్యి సంచీకింద పెట్టి కొక్కేన్ని లోపలికి నెట్టి పట్టుకున్నాడు.

జీపు గుర్రంలా ఎత్తెక్కింది. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా చెయ్యి తియ్యాల్సివచ్చేది, వెనక ఒక్క నల్లటి బుడగ లేచేది, మళ్ళీ చెయ్యి అక్కడికి పోయేది. ఒంటిచేత్తో స్టీరింగు తిప్పుతూ, పక్కనున్న లోయ చూడకుండా, చెమటలు కక్కుతూ తోలుతున్నాడు.

"ఆ చెయ్యి అక్కడెందుకు పెట్టావు అబ్బాయ్?" అంది వదిన.

"కుదుపులకి సంచీ ఊగుతోంది వదినా."

"మీ అన్నయ్య కూడా అదే చెప్పేవారు" అని వదిన బయటికి చూస్తూ కూర్చుంది.

ఇంకొక్క మలుపు తిరిగితే క్యాంపు. చెట్లమీదుగా తుప్పుపట్టిన నీళ్ళట్యాంకు కనిపిస్తోంది. "ఆపు అబ్బాయ్" అంది వదిన. ఆపాడు. వదిన సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో కొక్కేన్ని టక్కున లోపలికి నెట్టింది. ఎన్నోసార్లు చేసిన పనిలా ఉంది అది.

"ఒంటిచేత్తో కొండదారి తోలకు. చోక్ నేను చూసుకుంటాను."

చిన్నబ్బాయి ఆవిడవైపు తిరిగాడు. "ఇది చోక్ అని మీకు తెలుసా?"

"పెళ్ళైన కొత్తలోనే తెలుసు. మీ అన్నయ్యకి జ్వరమొస్తే కంపెనీ డ్రైవరు వచ్చాడు. సంచీ తీసి నా ఒళ్ళో పెట్టి, అమ్మా, ఇది చోకమ్మా అన్నాడు."

"మరి అన్నయ్యతో అనలేదేం?"

"అంటే చెయ్యి తీసేస్తారుగా" అంది వదిన.

"మరైతే ఈ మూడు రోజులూ..." అన్నాడు చిన్నబ్బాయి.

"నేను వద్దన్నాను నాయనా. మొదటినుంచీ వద్దనే అన్నాను. మీ ఇంట్లో నా వద్దు ఎవరికి చెవికెక్కుతుంది? బండి చేత చెప్పించాను." వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. "దుప్పట్లావిడ ఉసురు తగులుతుందని రెండుమాట్లూ నేనే ఉతికాను. ఫైరింజను వస్తుందని మాత్రం అనుకోలేదు. మీ ఆవిడ అన్న మాటకి కలుక్కుమంది, కాదన్ను. కానీ అక్కరకొస్తుందిలే అని వాడుకున్నాను."

"అన్నయ్య ఆసుపత్రిలో నాతో అన్నాడు వదినా. మీకు క్యాంపు చూపించలేదని బాధపడ్డాడు. అందుకే నేను..."

"నాతోనూ అన్నారు. దానికేముంది, వచ్చే వారం వెళ్దాంలెండి అన్నాను." వదిన ఒళ్ళోని సంచీ పట్టీ సరిచేసుకుంది. "సోమవారం వెళ్ళేవారు, శనివారం వచ్చేవారు. మధ్యలో ఆయన లేకుండా ఉండటం నాకేం కొత్త? ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను. పైన ఉన్నారు, పని ఒత్తిడిగా ఉంది, ఈ శనివారం దిగలేదు. పెరట్లో పని చేసుకుంటూ అలా అనుకుంటే రోజు గడిచిపోతోంది. క్యాంపులో ఆయన గదికి వెళ్ళి, ఖాళీ మంచం చూసొచ్చాక ఇంకేమని అనుకోను, చెప్పు?"

ఎన్నేళ్ళుగానో ఆ ఇంటిలో అందరికన్నా బాగా వదినని చదివానని మురిసిపోయిన చిన్నబ్బాయి, మూడక్షరాలు లేని ఒక్క మాటని తలకిందులుగా చదివాడు. అతను జీపు దిగి, నీళ్ళట్యాంకు వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఎక్కి, ఇరుకుదారిలో ముందుకీ వెనక్కీ లాగి జీపుని ఊరివైపు తిప్పాడు. వదిన సంచీని మళ్ళీ కొక్కేనికి తగిలించింది. అతను అలవాటుగా చెయ్యి చాపబోతే, "నువ్వు తోలు, నేను పట్టుకుంటాను" అని తన చెయ్యే దానికింద పెట్టుకుంది. దిగేదాకా తియ్యలేదు.

జీపు వీధిలోకి పొగ లేకుండా వచ్చేసరికి అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. మెకానిక్ పరిగెత్తుకొచ్చి, కొత్త సూది సర్దుకోవడానికి ఒకరోజు పడుతుందని తను ముందే అనుకున్నానన్నాడు. మీటరు మావయ్య, రెండు రోజుల దిగులుతో అమ్మాయి బరువు తగ్గిందని, అందుకే లోడు సరిపోయిందని వివరించాడు. దుప్పట్లావిడ దుప్పట్లు మడతపెడుతూనే ఓ కన్నేసి, ఇంకోసారి ఎక్కించుకుంటారా అని అడిగింది.

"క్యాంపు ఎలా ఉందక్కా?" అంది చిన్నబ్బాయి భార్య.

"బాగుందమ్మా. ఇంకా పని నడుస్తూనే ఉంది" అంది వదిన లోపలికి వెళ్తూ.

భార్య కళ్ళు చెమర్చాయి. "చూశారా, చివరికి బావగారు ఒప్పుకున్నారు" అంది అతనితో.

ఒక్క సాయంత్రంలో, ఒక్క వీధిలో ఇన్ని తప్పులు పోగవడం చిన్నబ్బాయి తన సర్వీసులో చూడలేదు గాని, ఆవేళ ఆదివారం, దిద్దడానికి సెలవు.